వడ్రంగి పిట్ట సుత్తి, గుడ్లగూబ చెవి



ఈ వారం ఒక తప్పు ఒప్పుకొని మొదలుపెట్టాలి. తప్పు నాదే. 2019 మార్చి 19న, పునీత జోజప్పగారి పండుగ పూజలో నేను చెప్పిన ప్రసంగంలోది. అప్పుడు నేనొక డెల్టా పల్లెలో విచారణ గురువుగా ఉన్నాను. ఆ ఊళ్లో వడ్రంగం పనివారి కుటుంబాలు నాలుగైదు ఉన్నాయి. ప్రతి యేటా ఆ పండుగనాడు తమ ఉలి, బాడిస, చిత్రిక, రంపం తెచ్చి పీఠం ముందు పెట్టి మంత్రించుకోవడం అక్కడి ఆచారం. వారికి నచ్చేలా మాట్లాడాలని, నజరేతు వడ్రంగి నుంచి వడ్రంగి పిట్ట దగ్గరికి వెళ్లాను.

ఆ పిట్టను మీరు చూసే ఉంటారు. మామిడి తోటల్లో, కొబ్బరి చెట్ల మీద బంగారు రంగు వీపు, నెత్తిన ఎర్రటి జుట్టు, ఎగిరేటప్పుడు కిలకిలమని పెద్ద అరుపు. చెట్టు మానుకు నిలువుగా అతుక్కుని పైకి ఎగబాకుతుంది. మామూలు పిట్టకు కాలివేళ్లు మూడు ముందుకు, ఒకటి వెనక్కు ఉంటాయి. దీనికి రెండు ముందుకు, రెండు వెనక్కు. బెరడును పట్టకారులా పట్టుకోవడానికి అది అనువు. తోక ఈకలు గట్టి పుల్లల్లా ఉంటాయి. వాటిని మానుకు ఆనించి మూడో కాలులా వాడుకుంటుంది. నిచ్చెన మీద నిలబడి పనిచేసే మనిషి నడుము ఆన్చుకోవడానికి ఏదో ఒక ఆసరా చూసుకోడూ, అలాగన్నమాట. ముక్కు రంధ్రాల మీద సన్నని ఈకలు కప్పి ఉంటాయి, చెక్కపొట్టు లోపలికి పోకుండా. దెబ్బ పడబోయే లిప్తపాటు ముందు కంటిమీద పల్చటి పొర మూసుకుంటుంది.

ఇక నాలుక సంగతి. ముక్కుతో తొలిచిన కన్నంలోకి అది చాలా దూరం చొరబడుతుంది. కొన్ని జాతుల్లో దాని చివర సన్నని ముళ్లు, పైన జిగురు. లోపలున్న పురుగు ఇక తప్పించుకోలేదు. అంత నాలుకను నోట్లో ఎక్కడ దాచుకుంటుంది? నాలుకకు ఆధారమైన సన్నని ఎముకలు రెండు దవడ కింద నుంచి వెనక్కు పోయి, పుర్రె వెనకభాగం చుట్టి, నడినెత్తి మీదుగా నుదుటి దాకా వస్తాయి. తలపాగా చుట్టినట్టు, నాలుకను తలకు చుట్టుకుని ఉంటుంది ఆ పిట్ట.

ఇంతవరకూ నేను చెప్పినది సరే. ఆ తరువాత అన్నాను: "సెకనుకు ఇరవై సార్ల వరకూ తలను మానుకేసి కొట్టుకునే ఈ పిట్టకు మెదడు ఎందుకు చితికిపోదు? సర్వేశ్వరుడు దాని ముక్కుకూ మెదడుకూ మధ్య స్పాంజిలాంటి ఎముక పెట్టాడు. దెబ్బను అది మింగేస్తుంది. కష్టం ఇచ్చే దేవుడు కష్టానికి ముందే మెత్త కూడా పెట్టి ఉంచుతాడు." జనం తలలు ఊపారు. ఒకరిద్దరు కళ్లొత్తుకున్నారు. గురువులకు ఇలాంటి ఉపమానం దొరికితే పండుగే. చాలా పుస్తకాల్లో చదివినదే నేనూ చెప్పాను.

పూజ అయ్యాక గుడి గుమ్మం దగ్గర ఒక పెద్దాయన, అరవై యేళ్లు పైబడిన వడ్రంగి, చేతులు జోడించి నిలబడ్డాడు. "స్వామీ, ప్రసంగం బాగుందండి. కానీ ఒక సందేహం. సుత్తికి మెత్త కట్టి కొడితే మేకు దిగదు కదండీ?" నేను నవ్వి, ఆయన భుజం తట్టి, లోపలికి వెళ్లిపోయాను. సమాధానం లేక నవ్వానని అప్పుడు నాకు తెలియలేదు.

2022లో బెల్జియం దేశంలోని ఆంట్వెర్ప్ విశ్వవిద్యాలయానికి చెందిన సామ్ వాన్ వాసెన్‌బెర్గ్ అనే శాస్త్రజ్ఞుడు, ఆయన సహచరులు ఒక పరిశోధన ప్రచురించారు. అతివేగంగా చిత్రాలు తీసే కెమెరాలతో మూడు జాతుల వడ్రంగి పిట్టలు కొట్టే దెబ్బలను పట్టుకొని, ముక్కు ఎంత వేగంగా ఆగుతోంది, పుర్రె ఎంత వేగంగా ఆగుతోంది అని పోల్చి చూశారు. మధ్యలో మెత్త ఏదైనా ఉంటే పుర్రె కాస్త నిదానంగా ఆగాలి. అలా ఆగలేదు. ముక్కూ తలా కలిసి ఒకే గట్టి సుత్తిలా పనిచేస్తున్నాయి. దెబ్బను మింగే ఏర్పాటు ఉంటే పిట్ట అంతే కన్నం తొలచడానికి ఇంకా గట్టిగా కొట్టుకోవలసి వచ్చేది, లాభమేమీ ఉండదని వారు తేల్చారు. మరి మెదడు ఎలా బతుకుతోంది? అది చాలా చిన్నది, తేలిక. చిన్న వస్తువు మీద అదే వేగపు దెబ్బ కలిగించే ఒత్తిడి తక్కువ. చీమ బల్ల మీది నుంచి పడితే ఏమీ కాదు, మనం మేడ మీది నుంచి పడితే మిగలం. అంతకు ముందు 2018లో అమెరికాలోని బోస్టన్ విశ్వవిద్యాలయం వారు వడ్రంగి పిట్టల మెదళ్లలో ఒక రకం మాంసకృత్తు పేరుకొని ఉండటం గమనించారు. మనుషుల్లోనైతే అది మెదడు దెబ్బలకు గుర్తు. పిట్టలో అది గాయమో, రక్షణో ఆ పరిశోధకులు తేల్చి చెప్పలేదు.

అంటే మా వడ్రంగి పెద్దాయన చెప్పినదే నిజం. సుత్తికి మెత్త లేదు.

ఆదికాండంపై వ్యాఖ్యానం రాస్తూ పునీత అగుస్తీను, ఈనాటికి పదహారు వందల యేళ్ల క్రితం, క్రైస్తవులను ఒక విషయంలో గట్టిగా హెచ్చరించాడు. ఆకాశం గురించి, నేల గురించి, జంతువుల గురించి అన్యులకు కూడా స్పష్టంగా తెలిసిన సంగతులను మనం పవిత్ర గ్రంథం పేరుతో తప్పుగా చెబితే, వారు నవ్వుతారు; మన అజ్ఞానం చూసి నవ్వినవారు పునరుత్థానం గురించి మనం చెప్పేది మాత్రం ఎలా నమ్ముతారు అని ఆయన బాధ. గురువిద్యాలయంలో ఈ మాట చదివి పరీక్ష రాసినవాణ్ణే నేను. మార్కులు కూడా బాగానే వచ్చాయి.

పిట్టల శరీరాల్లో ఇంత పొందిక ఎలా వచ్చింది, పరిణామం అంటే దేవుణ్ణి కాదన్నట్టేనా అని మన కాలేజీ పిల్లలు అడుగుతుంటారు. 1950లో పన్నెండవ పయస్ జగద్గురువులు మనిషి శరీరం పుట్టుక గురించి శాస్త్రజ్ఞులు పరిశోధించి చర్చించడానికి అడ్డు చెప్పలేదు. 1996లో పునీత రెండవ జాన్ పాల్ జగద్గురువులు పరిణామ సిద్ధాంతం కేవలం ఒక ఊహగా మిగిలిపోలేదని శాస్త్రపరిషత్తుకు రాశారు. ఆత్మ మాత్రం నేరుగా దేవుడు సృజించేదే అని కూడా గుర్తుచేశారు. లక్షల యేళ్ల పాటు తరతరాలుగా అనువైనవి మిగులుతూ వచ్చి ఆ నాలుక ఆ తల చుట్టూ చుట్టుకున్నదంటే, సృష్టికర్త ఓపిక ఎంతటిదో అనుకొని నేను నోరు మూసుకుంటాను. పిల్లలు భయపడవలసిన ప్రశ్న కాదది. నన్ను బాధపెట్టినది వేరే సంగతి.

ఆ ప్రసంగం విన్నవారిలో ఒక కుటుంబం ఉంది. తాతల నాటి నుంచి కథోలికులు. ఆ ఇంటి పెద్దకు అంతకు రెండేళ్ల ముందే గుండెజబ్బు. 2019 సెప్టెంబరులో ఆయన కన్నుమూశాడు. అప్పటికి కొడుకు పెళ్లయి ఆరు నెలలు. సమాధి కార్యక్రమం తరువాత ఓదార్చబోతే ఆయన భార్య నాతో ఒకే మాట అన్నది. "మెత్త పెడతాడన్నారు కదా స్వామీ, నాకెక్కడ పెట్టాడు?" నా దగ్గర సమాధానం లేదు. మళ్లీ ఏదో చెప్పాను. ఏమి చెప్పానో ఇప్పుడు గుర్తు కూడా లేదు.

నవంబరు వచ్చింది. సమాధుల పండుగ. ఊరంతా సమాధులు కడిగి, సున్నం వేసి, కొవ్వొత్తులు వెలిగించారు. ఆ వారంలోనే ఆ ఇంటి అటక మీద రాత్రుళ్లు చప్పుళ్లు మొదలయ్యాయి. పాము బుస కొట్టినట్టు ఒక శబ్దం, మధ్యలో గొంతు చించుకున్నట్టు ఒక అరుపు. ఒక తెల్లవారుజామున తెల్లటి ముఖమున్న పెద్ద గుడ్లగూబ వెంటిలేటరులోంచి బయటకు రావడం పక్కింటివాళ్లు చూశారు. ఇక చూడండి. గుడ్లగూబ ఇంట్లో దూరితే ఆరు నెలలు ఇల్లు పాడుపెట్టాలని ఒకరు. ఇంకో చావు ఖాయమని మరొకరు. ఆ మాటలు అక్కడితో ఆగలేదు. కోడలు కాలు పెట్టిన వేళ మంచిది కాదని, ఆ పిల్ల వచ్చాకే మామగారు పోయాడని, ఇప్పుడీ పిట్ట వచ్చిందని, అన్నీ కలిపి ఒక దండ గుచ్చారు. కోడలికి అప్పుడు నాలుగో నెల. వారం తిరక్కుండా ఆ పిల్లను పుట్టింటికి పంపేశారు. గోడ మీద తిరుహృదయ పటం, దానికి చుట్టిన జపమాల, పటం ముందు ఆరకుండా చిన్న దీపం. ఆ పటం కింది నుంచే పెట్టె పట్టుకొని ఆమె బయటికి నడిచింది.

నన్ను పిలిచినది ఇల్లు మంత్రించడానికి. తీర్థజలం పట్టుకుని వెళ్లాను. టార్చిలైటు కూడా పట్టుకెళ్లాను. నిచ్చెన వేసుకుని అటక ఎక్కితే ముందు వచ్చింది ఘాటైన కంపు. తరువాత, మూలన పాత గోనెసంచుల వెనక, అయిదు పిల్లలు. తెల్లటి నూగు, ముఖాలు హృదయాకారంలో. ఒకటి పెద్దది, ఒకటి దానికన్నా చిన్నది, ఇంకొకటి ఇంకా చిన్నది, మెట్లు పేర్చినట్టు. తల్లి మొదటి గుడ్డు పెట్టగానే పొదగడం మొదలుపెడుతుంది కాబట్టి పిల్లలు రోజుల తేడాతో పుడతాయి. నన్ను చూసి అయిదూ ఒక్కసారి బుస కొట్టాయి. ఇంటిల్లిపాదినీ వణికించిన దయ్యం అదే. ఆకలేసిన పిల్లల కేక.

ఆ పిట్టను ఇంగ్లీషువాళ్లు కొన్నిచోట్ల చర్చి గుడ్లగూబ అని కూడా అంటారు. గంటగోపురాల్లో కాపురం పెట్టడం దానికి అలవాటు. దాని శరీరం గురించి ఆ తరువాత నేను శ్రద్ధగా చదివాను. ఒకసారి దెబ్బతిన్నవాణ్ణి కాబట్టి, ఈసారి రెండు మూడు చోట్ల సరిచూసుకున్నాను.

మొదట కళ్లు. గుడ్లగూబ కన్ను మన కంటిలా గుండ్రని గోళీ కాదు, గొట్టంలా ఉంటుంది. చుట్టూ ఎముక వలయం బిగించి ఉంటుంది. కాబట్టి కనుగుడ్డు పక్కకు తిరగదు. పక్కకు చూడాలంటే తల తిప్పవలసిందే. మన మెడలో ఎముకలు 7, దాని మెడలో 14. తలను ఒక వైపుకు 270 డిగ్రీల దాకా, అంటే ముప్పావు చుట్టు, తిప్పగలదు. మన మెడ అంత తిరిగితే మెదడుకు రక్తం పోయే నాళాలు నలిగి ప్రాణం పోతుంది. దానికెందుకు పోదో 2013లో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ వైద్యులు వివరించారు. రక్తనాళం వెళ్లే ఎముక రంధ్రం ఆ నాళం కన్నా దాదాపు పదింతలు వెడల్పు ఉంటుంది, మెలిక పడినా నలగకుండా. తల మొదట్లో రక్తనాళాలు ఉబ్బి చిన్న చెరువుల్లా రక్తం నిలవ ఉంచుకుంటాయి. ఇంత పొందిక కలిగిన మెడను చూసి మనం దయ్యం పట్టిన మెడ అన్నాం.

తరువాత చెవులు. నాకు అన్నిటికన్నా ఆశ్చర్యం కలిగించినది ఇదే. ఈ తెల్లముఖపు గుడ్లగూబకు రెండు చెవులూ ఒకే ఎత్తులో ఉండవు. ఎడమ చెవి రంధ్రం కాస్త పైన ఉండి కిందికి చూస్తుంది, కుడిది కాస్త కింద ఉండి పైకి చూస్తుంది. కింది నుంచి వచ్చే చప్పుడు ఎడమ చెవికి, పై నుంచి వచ్చేది కుడి చెవికి కాస్త గట్టిగా వినిపిస్తుంది. పక్కల తేడాను, చప్పుడు ఏ చెవికి లిప్తలో వెయ్యోవంతుకన్నా తక్కువ తేడాతో ముందు చేరిందో దాన్నిబట్టి పట్టుకుంటుంది. ఆ హృదయాకారపు ముఖం చప్పుడును చెవుల్లోకి పోగుచేసే పళ్లెం. రోజర్ పేన్ అనే అమెరికా శాస్త్రజ్ఞుడు చిమ్మచీకటి గదిలో నేల మీద ఆకులు పరిచి ఎలుకను వదిలితే, గుడ్లగూబ సూటిగా వచ్చి దాన్ని పట్టుకుంది. ఎలుకకు బదులు కాగితపు ఉండను ఆకుల్లో లాగితే దాని మీద కూడా దూకింది. వాసన కాదు, చూపు కాదు, చెవి ఒక్కటే. ఒక చెవిని మూసి చూస్తే గురి తప్పింది. ఆ తరువాత జపాన్‌లో పుట్టిన మసకాజు కోనిషీ, ఎరిక్ నుడ్సెన్ అనే శాస్త్రజ్ఞులు దాని మెదడులో చప్పుళ్ల తావులను గుర్తించే ఒక పటంలాంటిది ఉన్నదని 1978లో కనుగొన్నారు. పేన్ అనే ఆయనే తరువాత తిమింగలాల పాటలను లోకానికి వినిపించాడు. వినడం నేర్చుకున్నవాడు ఎక్కడైనా వింటాడేమో.

రెక్కల సంగతి క్లుప్తంగా. ముందంచున దువ్వెన పళ్లలాంటివి, పైన మఖమలు లాంటి నూగు, వెనకంచున కుచ్చులు. గాలి చీలిన చప్పుడును ఇవి అణచివేస్తాయి. ఎలుకకు వినిపించకుండా ఉండటమే కాదు, తన రెక్కల రొద తన చెవికి అడ్డు రాకుండా కూడా.

మనం దీన్ని అశుభమని ఎక్కడ నేర్చుకున్నాం? మన హిందూ సోదరుల సంప్రదాయంలో ఇది లక్ష్మీదేవి వాహనం. యూరప్‌లో క్రైస్తవులు కూడా శతాబ్దాల పాటు దీన్ని చూసి భయపడ్డారు. ఒకరి నుంచి ఒకరికి వచ్చిన భయం కాదిది, చీకటి నుంచి అందరికీ వచ్చినది. లేవీయకాండం 11వ అధ్యాయంలో గుడ్లగూబ అపవిత్ర పక్షుల జాబితాలో ఉంది కదా అని ఒక ఉపదేశిగారు నన్ను అడిగారు. ఉంది. తినకూడని పక్షుల జాబితా అది. కొంగ, డేగ కూడా అందులో ఉన్నాయి. కొంగ వాలిందని ఇల్లు ఖాళీ చేసినవాళ్లను నేను చూడలేదు. 1992లో వెలువడిన కథోలిక శ్రీసభ సత్యోపదేశం 2116వ అంశంలో జ్యోతిషం, హస్తసాముద్రికంతో పాటు శకునాలు చూడటాన్ని కూడా మొదటి ఆజ్ఞకు విరుద్ధమని చెబుతుంది. మంత్రతంత్రాల కోసం ఈ పక్షులను పట్టి అమ్మే వ్యాపారం మన దేశంలో ఉన్నదని 2010లో ట్రాఫిక్ అనే సంస్థ నివేదిక వెల్లడించింది. 1972 నాటి వన్యప్రాణి రక్షణ చట్టం ప్రకారం గుడ్లగూబను చంపడం, పట్టడం నేరం.

అయితే పవిత్ర గ్రంథంలో గుడ్లగూబ మరోచోట కూడా ఉంది. పశ్చాత్తాప కీర్తనలు ఏడింటిలో ఒకటైన 102వ కీర్తనలో, శోకంలో మునిగినవాడు తనను తాను శిథిలాల మధ్య ఉన్న గుడ్లగూబతో, ఇంటికప్పు మీది ఒంటరి పిచ్చుకతో పోల్చుకుంటాడు. నిద్ర లేదు, తిండి లేదు, శత్రువుల నిందలు. పూర్వకాలపు శ్రీసభ పితరులు కొందరు ఆ రాత్రిపక్షిలో సిలువ మీది క్రీస్తునాథుణ్ణే చూశారు. అటక దిగి వచ్చి, చేతులు కడుక్కుని, నేను ఆ తల్లి ముందు ఈ కీర్తన తీసి మొత్తం చదివాను. వ్యాఖ్యానం చెయ్యలేదు. చదవడం అయ్యాక, "అమ్మా, మెత్త పెడతాడని నేను చెప్పినది నాకు తెలియక చెప్పిన మాట. నీకు తగిలిన దెబ్బ తగిలింది. దానికి ఆ పిల్ల కారణం కాదు, పైనున్న పిట్టా కారణం కాదు" అన్నాను. నిజానికి పిట్ట గురించిన పరిశోధన అప్పటికి రాలేదు. కానీ ఆమె ముఖం చూశాక నా ఉపమానం అబద్ధమని తెలుసుకోవడానికి పరిశోధన అక్కర్లేకపోయింది. ఆమె చాలాసేపు ఏడ్చింది. మొగుడు పోయాక అలా ఏడవడం అదే మొదలట. ఏడ్చాక కూడా కోడల్ని పిలుస్తానని మాత్రం అనలేదు.

తరువాతి ఆదివారం సత్యోపదేశం తరగతికి నేను అటక మీది నుంచి ఒక డబ్బా నిండా నల్లటి ఉండలు తెచ్చాను. గుడ్లగూబ ఎలుకను చాలావరకు అలాగే మింగి, అరగని ఎముకలను, వెంట్రుకలను ఉండ చేసి కక్కేస్తుంది. పిల్లలకు చేతితొడుగులు ఇచ్చి, కాగితాలు పరిచి, పుల్లలతో విడదీయమన్నాను. అమ్మాయిలు మొదట ఛీ అన్నారు, అయిదు నిమిషాల్లో వాళ్లే ముందు. పుర్రెలు లెక్కపెడితే 17 వచ్చాయి. అన్నీ ఎలుకలవే, రెండు మరీ పెద్దవి, పందికొక్కులవి కావచ్చు. వరి పండించే ఊళ్లో ఎలుక అంటే ఏమిటో మీకు నేను చెప్పనక్కర్లేదు. ఆ యేడు కూడా కోతకు ముందే ఎన్ని దుబ్బులు కొరికి పడేశాయో ప్రతి ఇంట్లోనూ లెక్క ఉంది. ఒక పిల్లవాడు ఆ పదిహేడు పుర్రెలను అట్ట మీద వరసగా అంటించి, గుడి వరండాలో పెట్టాడు. పూజకు వచ్చిన రైతులు చెప్పులు విడుస్తూ, చెప్పులు తొడుక్కుంటూ దాన్ని చూశారు. ప్రసంగం అవసరం పడలేదు.

పవిత్ర దేశంలో జరిగినది కూడా వారికి చెప్పాను. యోర్దాను లోయలో ఇశ్రాయేలు రైతులు ఎలుకల మందు తగ్గించడానికి 1983లో ఈ గుడ్లగూబల కోసం చెక్కపెట్టెలు పెట్టడం మొదలుపెట్టారు. నది అవతల జోర్డాన్ దేశపు రైతులకు గుడ్లగూబ అంటే మనకున్నంత భయమే ఉండేది. అయినా 2002లో వారూ చేరారు. ప్రభువు స్నానం పుచ్చుకున్న ఆ నదికి రెండు ఒడ్డులా, తుపాకులు ఎదురెదురుగా నిలిచిన చోట, పక్షికి సరిహద్దు తెలియదు. మలేషియాలో పామాయిలు తోటల్లో కూడా 1980ల నుంచి ఇలాంటి పెట్టెలు వాడుతున్నారు.

జనవరి చివరికి ఆ పిల్లలు ఎగిరిపోయాయి. ఇల్లు పాడుపెట్టలేదు. ఆ ఇంట్లో ఇంకో చావూ రాలేదు. కోడలు ఏప్రిలులో బిడ్డను కన్నది. కరోనా రోజులు, రాకపోకలు లేవు. జ్ఞానస్నానం ఆలస్యమైంది. ఆగస్టులో అత్తగారే ఆటో కట్టించుకుని వెళ్లి తల్లీబిడ్డలను తీసుకువచ్చింది. పిట్ట మీది భయం పోయి తెచ్చుకుందో, మనవరాలి మీది ఆశ కొద్దీ తెచ్చుకుందో నేను అడగలేదు. ఆ కోడలు పిల్ల కూడా అన్నీ మరిచిపోయినట్టు నాకు కనిపించలేదు. జ్ఞానస్నానపు రోజున అత్తగారు బిడ్డను ఎత్తుకోబోతే, ఒక్క క్షణం ఆలోచించి ఇచ్చింది.

నాకు ఆ తరువాతి యేడు బదిలీ అయింది. వడ్రంగి పిట్ట గురించిన పరిశోధన సంగతి తెలిశాక ఒకసారి పనిగట్టుకుని ఆ ఊరు వెళ్లాను. పెద్దాయన కొట్టులో తలుపు చెక్కకు చిత్రిక పడుతున్నాడు. "మీరన్నదే నిజమని బెల్జియంలో తేల్చారండీ, సుత్తికి మెత్త లేదట" అని చెప్పాను. ఆయన పెద్దగా ఆశ్చర్యపోలేదు. "దానికి బెల్జియం దాకా వెళ్లాలా స్వామీ" అన్నాడు. చేతిలో చిత్రిక ఆపకుండానే, వడ్రంగి పిట్ట తొలిచి వదిలేసిన తొర్రల్లో గోరువంకలు, చిలకలు, చిన్న గుడ్లగూబలు కాపురం పెడతాయని, వాటి ముక్కులు తొలిచే ముక్కులు కావని, అది తనకు చిన్నప్పటి నుంచి తెలుసని చెప్పాడు. నేను కొత్తగా చదివి వచ్చిన సగం పాఠం ఆయన దగ్గర అప్పటికే ఉంది.

కొట్టు మూలన ఒక పెట్టె ఉంది. పాత వేపచెక్కతో చేసినది, మూడడుగుల పొడవు, ఒక వైపు కన్నం. గంటగోపురానికట. కొత్త విచారణ గురువులు అనుమతి ఇచ్చారని, డబ్బు ఆ అత్తగారు ఇచ్చిందని చెప్పాడు. కన్నం ఎంత వెడల్పు ఉండాలో మాత్రం తెలియక ఆపానన్నాడు. నేను నా జేబులోంచి కాగితం తీశాను. ఆయన చెవి వెనక నుంచి పెన్సిలు తీశాడు.